మే నెలను తట్టుకునే మదర్‌బోర్డు

రెండేళ్ల క్రితం మే నెలలో ఒక రాత్రి పదిన్నరకి నరసాపురం నుంచి మా బావగారు ఫోన్ చేశారు. అక్కడ ఆయనకి పెళ్లిళ్ల వీడియో స్టూడియో ఉంది. నాలుగు నెలల కిందటే కొత్త సిస్టమ్ బిగించుకున్నారు, ఐ7-12700 ప్రాసెసర్, దాని మీద లిక్విడ్ కూలర్. "ఏరా, సంక్రాంతికి గంటలో అయిపోయిన ఎక్స్‌పోర్ట్ ఇప్పుడు గంటా నలభై నిమిషాలు తీసుకుంటోంది, పొద్దున్నే పెళ్లివారు పెన్‌డ్రైవ్ కోసం వచ్చేస్తారు, వైరస్ ఏమైనా పట్టిందంటావా?" అన్నారు. "ప్రాసెసర్ వేడి ఎంత చూపిస్తోందండీ?" అని అడిగాను. "62 దాటట్లేదు" అన్నారు. నాకూ వెంటనే అర్థం కాలేదు. 62 డిగ్రీలంటే ఆ ప్రాసెసర్‌కి అసలు వేడే కాదు, 100 దాకా తట్టుకుంటుంది.

నేనుండేది పాలకొల్లు, నరసాపురం ఎంతో దూరం కాదు, బండి వేసుకుని వెళ్లాను. స్టూడియోలో ఏసీ ఉంది గానీ ఆ రాత్రి కరెంటు వస్తూ పోతూ ఉండటంతో వేయలేదు. గదిలో ఉక్కపోత, చొక్కా వీపుకి అంటుకుపోతోంది. స్క్రీన్ మీద హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి, వేడీ స్పీడూ చూస్తూ కూర్చున్నాను. ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టగానే స్పీడు 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మూడు నాలుగు నిమిషాలకి ఉన్నట్టుండి 2 కిందికి పడిపోతుంది, కాసేపటికి మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. ప్రాసెసర్ చల్లగానే ఉంది. కిందికి జరుపుతూ పోతే ఒక వరసలో "వీఆర్ థర్మల్ అలర్ట్" దగ్గర "ఎస్" అని కనిపించింది, ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం వేడెక్కిపోయిందని హెచ్చరిక అది. కేబినెట్ పక్క రేకు తీశాను. ప్రాసెసర్‌కి ఎడమ పక్కన, వేడిని లాగేసే లోహపు దిమ్మ, హీట్‌సింక్ అన్నది లేకుండా, వరసగా నల్లగా ఉండే చిన్న చిప్పులు ఉన్నాయి చూడండి, వాటి దగ్గరికి వేలు తీసుకెళ్తే దోసె పెనం దగ్గర పెట్టినట్టు సెగ కొట్టింది.

అక్కడున్న టేబుల్ ఫ్యాను తెచ్చి సరిగ్గా ఆ మూలకి తిప్పి పెట్టాను. రెండు నిమిషాల్లో స్పీడు 4 పైన నిలబడింది. కానీ కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది కదా, అందుకని బయోస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లోకి, వెళ్లి ప్రాసెసర్ తాగే కరెంటుకి ఉన్న పరిమితిని 95 వాట్లకి దించాను. స్పీడు 3.7 దగ్గర కదలకుండా నిలబడిపోయింది. గంటా నలభై నిమిషాలు పట్టే ఫైలు గంటా పది నిమిషాల్లో దిగింది. వాట్లు తగ్గించాక పని త్వరగా అయ్యింది. బావగారు నమ్మలేదు, రెండోసారి నడిపించి చూపించాను.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ రాత్రి. మదర్‌బోర్డు ఎంచుకోవడం గురించి తెలుగులో ఎవరిని అడిగినా రెండే సలహాలు దొరుకుతున్నాయి. ఒకటి, "బోర్డుదేముంది, ఏదైనా ఒకటే, డబ్బులు ప్రాసెసర్ మీద పెట్టు". రెండోది దీనికి పూర్తిగా ఎదురు, "ఓవర్‌క్లాక్ అయ్యే జెడ్ బోర్డు తీసుకో, కె ప్రాసెసర్ తీసుకో, తర్వాత స్పీడు పెంచుకోవచ్చు". ఓవర్‌క్లాక్ అంటే కంపెనీ పెట్టిన స్పీడుని మనమే పెంచుకోవడం, ఇంటెల్‌లో దానికి వీలిచ్చేవి జెడ్ అక్షరం ఉన్న బోర్డులూ కె అక్షరం ఉన్న ప్రాసెసర్లూ. రెండు సలహాలూ తప్పే అంటాను. బావగారికి అమ్మిన షాపాయన మొదటి సలహా పాటించాడు. ప్రాసెసర్ మీద, లిక్విడ్ కూలర్ మీద, రంగురంగుల లైట్ల మీద ఖర్చు పెట్టించి, బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఆరు వేల చిల్లరలో హెచ్610 అనే చౌక రకం బోర్డుతో ముగించాడు. మన గోదావరి జిల్లాల ఎండకి, మన కరెంటుకి, మన పనులకి బోర్డులో చూడాల్సింది వేరే ఉంది. అట్ట మీద రాసిన స్పీడుని మే నెల మధ్యాహ్నం మూడు గంటలకి కూడా ప్రాసెసర్ చేత గంటసేపు పరిగెత్తించగలదా లేదా అన్నదే ఆ విషయం.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరంలో ఆనకట్ట నిండుగా ఉన్నా, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టాకి నీళ్లు వదిలినా, మొగల్తూరు శివారు చేలకి నీరు అందుతుందా లేదా అన్నది మధ్యలో కాలువల మీద, తూముల మీద ఆధారపడుతుంది. పూడిక తీయని కాలువలో ఎంత వదిలినా గట్లు తెగుతాయి తప్ప శివారుకి చేరదు. కంప్యూటర్లో ఇంటి కరెంటుని మార్చి లోపలికి పంపే ఎస్‌ఎంపీఎస్ ఆనకట్ట అనుకుంటే ప్రాసెసర్ శివారు చేను. మధ్యలో కాలువా తూమూ అంతా మదర్‌బోర్డే.

ఎస్‌ఎంపీఎస్ ఇచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్ లోపలికి కావలసింది ఒకటీ ఒకటిన్నర మధ్యలో ఎంతో కొంత, సుమారు 1.2 అనుకుందాం. ఆ 12ని 1.2 చేసే పని బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ చుట్టూ ఉండే భాగం చేస్తుంది, దాన్నే వీఆర్ఎం అంటారు. మాస్‌ఫెట్ అనే చిప్పులు సెకనుకి కొన్ని లక్షల సార్లు ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ 12 వోల్టుల్ని ముక్కలుగా కోస్తాయి, చతురస్రంగా దిమ్మల్లా కనిపించే చోకులూ వాటి పక్కనుండే కెపాసిటర్లూ ఆ ముక్కల్ని సాఫీ చేసి నిలకడగా అందిస్తాయి. ఇలాంటి ఒక జట్టుని ఫేజ్ అంటారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఐ7-12700కి ఇంటెల్ రాసిన మామూలు పరిమితి 65 వాట్లు, టర్బోలో, అంటే కాసేపు స్పీడు పెంచుకుని పరిగెత్తేటప్పుడు, 180 వాట్లు. 180ని 1.2తో భాగిస్తే 150 ఆంపియర్లు. మన ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ తీసుకునేది ఏడెనిమిది ఆంప్స్, దానికే విడిగా మందపాటి వైరు లాగిస్తాం. ఇక్కడ అరచేతిలో సగం కూడా లేని చోట 150 ఆంపియర్లు పారాలి. నాలుగు ఫేజులుంటే ఒక్కోదాని మీద 37 పైన పడుతుంది, ఎనిమిదుంటే 19 లోపు. కరెంటు రెట్టింపైతే వైరులో, చిప్పులో పుట్టే వేడి నాలుగు రెట్లు అవుతుంది కాబట్టి ఈ తేడా కాగితం మీద కనిపించే దానికంటే చాలా పెద్దది. వీఆర్ఎం నూటికి తొంభై వంతులు సమర్థంగా పనిచేస్తుందనుకున్నా, 180 వాట్లు అవతలికి అందించాలంటే 20 వాట్లు తనలోనే వేడిగా మిగుల్చుకుంటుంది. రేడియోలు బాగుచేసేవాళ్ల దగ్గరుండే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దాదాపు అంత సెగని హీట్‌సింక్ కూడా లేని నాలుగు చిప్పుల జట్లు మోయాలి. వంద డిగ్రీలు దాటాక అవి తమను తాము కాపాడుకోవడానికి ప్రాసెసర్‌ని ఆగమంటాయి. బావగారి స్క్రీన్ మీద స్పీడు పడి లేస్తూ ఉన్నది అందుకే.

ఇక్కడ లిక్విడ్ కూలర్ ఎలా దెబ్బతీసిందో చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే మామూలు ఫ్యాను గాలిని కిందికి, బోర్డు మీదికి కొడుతుంది. ఆ గాలి సాకెట్ చుట్టూ పరుచుకుని వీఆర్ఎంని కూడా కాస్త చల్లబరుస్తుంది. లిక్విడ్ కూలర్ పెడితే ఫ్యాన్లన్నీ కేబినెట్ అంచుకి పోతాయి, సాకెట్ దగ్గర గాలి కదలిక ఆగిపోతుంది. ప్రాసెసర్ 62 దగ్గర హాయిగా ఉంటుంది, దాని పక్కనే వీఆర్ఎం మాడిపోతూ ఉంటుంది. ఎనిమిది వేలు పెట్టి కూలర్ కొన్నాక స్పీడు తగ్గడం అంటే అదీ.

ఓవర్‌క్లాకింగ్ మీద నాకు పగ లేదు. నా మొదటి సిస్టమ్ నాన్న దాళ్వా పంట డబ్బులతో కొనిచ్చారు, 2008లో, నేను భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు. పెంటియం డ్యూయల్ కోర్ ఇ2160. 1.8 గిగాహెర్ట్జ్, అంటే బస్సు అనే మూలవేగం 200 మెగాహెర్ట్జ్, దాన్ని హెచ్చించే గుణకం 9. అప్పట్లో బయోస్‌లోకి వెళ్లి ఆ 200ని 266 చేస్తే 2.4 వచ్చేది, 333 చేస్తే 3.0. ర్యామ్ కూడా కొత్తది కొనక్కర్లేదు, 667 డీడీఆర్2 సరిపోయేది, 333కి రెట్టింపు అంతే కదా. వోల్టేజీ కాస్త పెంచి 3.0 దగ్గర నిలబెట్టిన రోజు రూములో నలుగురం దాని చుట్టూ కూర్చుని చూశాం. 1.8 నుంచి 3.0 అంటే 66 శాతం ఎక్కువ స్పీడు, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. ఆ ఆనందం నిజమైనది, ఇప్పటికీ మర్చిపోలేదు. మాకంటే ముందు తరం 1998 నాటి సెలెరాన్ 300ఏ గురించి ఇలాగే చెప్పుకుంటారు, 66 బస్సుని 100 చేస్తే 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 450 అయ్యేది.

కానీ మరుసటి ఏడాది వేసవి ముగిసేలోపు ఆ సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవడం మొదలుపెట్టింది. మొదట వారానికోసారి, తర్వాత రోజుకి నాలుగైదు సార్లు. విప్పి చూస్తే సాకెట్ పక్కన అయిదు కెపాసిటర్ల తలలు పొంగడాల్లా ఉబ్బి ఉన్నాయి, రెండింటి పైన గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. మామూలు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ చుట్టూ ప్రతి 10 డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని మాకు క్లాసులో చెప్పిన పాఠమే. ఆ పాఠాన్ని నా రూములో టేబుల్ మీదే చూశాను. నాన్నకి చెప్పడానికి పది రోజులు పట్టింది. చౌక బోర్డుని దాని శక్తికి మించి నడిపించింది నేనే, ఎండని లెక్కలోకి తీసుకోనిదీ నేనే. చల్లని దేశంలో ఎవరో రాసిన సెట్టింగులు చూసి భీమవరంలో, మేడ మీద గదిలో, మే నెలలో అవే అంకెలు వేశాను.

సరే, అది అప్పటి కథ. ఇప్పటి ఓవర్‌క్లాకింగ్‌లో ఆ 66 శాతం ఎక్కడా లేదు. ప్రాసెసర్ లోపల మిగిలి ఉండే సత్తా అంతా కంపెనీలే టర్బో పేరుతో ముందే పిండేస్తున్నాయి. ఐ5-14600కె అట్ట మీదే 5.3 గిగాహెర్ట్జ్ అని ఉంటుంది, మీరు రాత్రంతా కూర్చుని 5.5 చేశారనుకోండి, నాలుగు శాతం కూడా కాదు. గంట ఎక్స్‌పోర్ట్‌లో రెండు నిమిషాలు. దానికి మూల్యం మాత్రం నాలుగు శాతం కాదు. ప్రాసెసర్ తాగే కరెంటు స్పీడుతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే వర్గంగా పెరుగుతుంది. స్పీడు పదిశాతం, దానికోసం వోల్టేజీ పదిశాతం పెంచితే వాట్లు 33 శాతం పెరుగుతాయి. ఆ వాట్లన్నీ మళ్లీ వేడే. కూలర్ ఎంత గొప్పదైనా గది గాలికంటే చల్లగా చేయలేదు, గది వేడి మీద తన వేడిని కలుపుకుంటూ పోతుంది అంతే. 22 డిగ్రీల గదిలో పరీక్ష చేసి 85 చూపించిన సెట్టింగు మన దగ్గర 40 డిగ్రీల గదిలో 100 దాటుతుంది, అప్పుడు ప్రాసెసరే స్పీడు తగ్గించుకుంటుంది. మీరు పెంచిన 200 మెగాహెర్ట్జ్ అక్కడికక్కడే ఆవిరి.

పైగా ఆ నాలుగు శాతం కోసం ఇంటెల్‌లో కె ప్రాసెసర్ కొనాలి, జెడ్ చిప్‌సెట్ బోర్డు కొనాలి. 2011లో శాండీ బ్రిడ్జ్ అనే ప్రాసెసర్ల తరం వచ్చిన దగ్గర్నుంచి ఇదే పద్ధతి. బస్సు 100 దగ్గర కట్టేశారు, గుణకం మార్చుకునే తాళంచెవి కె వాటికే ఇచ్చారు. 2022 మొదట్లో కొన్ని మధ్యరకం బీ660 బోర్డుల్లో విడి క్లాక్ చిప్పు ఉండటం వల్ల కె అక్షరం లేని ఐ5-12400ని కూడా 5 గిగాహెర్ట్జ్ దాటించారు గానీ, ఆ బోర్డులు కొన్నే, ఇంటెల్ ఆ దారి మూసేసింది కూడా. జెడ్790 బోర్డు ఖరీదెక్కువ. అంతకంటే తక్కువలో వీఆర్ఎం గట్టిగా ఉన్న బీ760 వస్తుంది, మిగిలినదానితో మంచి ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ వస్తాయి. నేను ఎవరికైనా ఈ రెండో దారే చెబుతాను.

"తర్వాతెప్పుడో అవసరం పడుతుంది కదా" అంటారు. నేను బిగించిన సిస్టముల్లో కె ప్రాసెసర్ కొన్నవాళ్లు పదకొండు మంది ఉన్నారు, ఒక్కళ్లు కూడా రెండో ఏడాది తర్వాత ఓవర్‌క్లాక్ చేసి వాడుకోలేదు. చేసిన ఒకరిద్దరూ ఎండాకాలంలో తీసేశారు. తర్వాతి రోజుల కోసం చూసుకోవాలంటే సాకెట్ చూసుకోవాలి. ఇంటెల్ పోటీదారు ఏఎండీకి చెందిన ఏఎం4 సాకెట్ మీద రైజెన్ ప్రాసెసర్లు 2017లో మొదలయ్యాయి, ఆ మొదటి తరం బీ350 బోర్డుల్లో చాలావాటికి 2022లో బయోస్ అప్‌డేట్‌తో 5000 సిరీస్ ప్రాసెసర్లు ఎక్కాయి. అయిదేళ్ల నాటి బోర్డు మీద కొత్త ప్రాసెసర్! అందులోనూ వీఆర్ఎం బాగున్న బోర్డులే ఆ బరువు మోశాయి. ఇప్పుడు 2022లో వచ్చిన ఏఎం5 ఉంది, దాన్ని కనీసం 2027 దాకా కొనసాగిస్తామని ఏఎండీ 2024లో చెప్పింది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 మాత్రం 12, 13, 14 తరాలతో ముగిసింది, 2024లో డెస్క్‌టాప్‌లకి వచ్చిన కోర్ అల్ట్రాకి సాకెట్టే వేరు.

ఇంకో మాట. "ఓవర్‌క్లాకింగ్ నేను చేయను, డిఫాల్ట్‌గా వాడుకుంటాను" అనుకుంటే చాలదు. బోర్డు కంపెనీలు మిమ్మల్ని అడక్కుండానే పరిమితులు ఎత్తేసి పంపుతుంటాయి. బయోస్‌లో పవర్ లిమిట్ దగ్గర 4096 వాట్లు అని కనిపిస్తే భయపడకండి గానీ వదిలేయకండి, అది "హద్దు లేదు" అని చెప్పే పద్ధతి. 2024లో ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు క్రాష్ అవుతున్నాయని ప్రపంచమంతా గొడవైనప్పుడు, అడగాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజీ ప్రాసెసరే అడగడం అసలు లోపమని తేలింది, ఆగస్టులో 0x129 అనే మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్‌కి దిద్దుబాటు, ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచారు. బోర్డుల హద్దులేని సెట్టింగుల మీద కూడా అప్పుడే అందరి చూపూ పడింది. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయాయి, తర్వాత ఏఎండీ ప్రాసెసర్ లోపల ఒక భాగానికి వెళ్లే ఎస్ఓసీ వోల్టేజీని 1.3 వోల్టులు దాటనివ్వకుండా బయోస్‌లో కట్టేసింది. కాబట్టి కొత్త బోర్డు బిగించగానే విండోస్ ఎక్కించేకంటే ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. మన ఊళ్ల షాపుల్లో డబ్బాలు నెలల తరబడి నిలవ ఉంటాయి, అందులో ఏ పాత బయోస్ ఉందో ఎవరూ చూడరు.

మరి బోర్డుని ఎలా చూడాలి? డబ్బా మీద "12+1+1 ఫేజులు" అని ఉంటుంది, ఆ అంకెని యథాతథంగా నమ్మొద్దు, రెండేసి చిప్పుల్ని జతకట్టి రెండు ఫేజులుగా లెక్కేసేవాళ్లు ఉన్నారు. కంపెనీ సైటులో బోర్డు ఫోటో పెద్దది చేసి సాకెట్ చుట్టూ ఉన్న చోకు దిమ్మల్ని మీరే లెక్కపెట్టండి. మాస్‌ఫెట్ల మీద హీట్‌సింక్ ఉందా, ఉంటే ఎడమ పక్కనా పై పక్కనా రెండు చోట్లా ఉందా, అది ప్లాస్టిక్ ముసుగా లేక బరువున్న అల్యూమినియమా చూడండి. షాపులో అయితే చేత్తో పట్టుకుని చూడండి, బరువు అబద్ధం చెప్పదు. ప్రాసెసర్ కరెంటు కనెక్టర్ 4 పిన్నులదా 8 పిన్నులదా గమనించండి. విడివిడి మాస్‌ఫెట్ల బదులు అన్నీ ఒకే చిప్పులో ఉండే 50, 60 ఆంపియర్ల పవర్ స్టేజీలు వాడారని రాసి ఉంటే అది మంచి గుర్తు. 65 వాట్ల ఐ5-12400 లాంటి ప్రాసెసర్‌కి, దాని టర్బో 117 వాట్లే కాబట్టి, ఆరు ఫేజులూ ఒక హీట్‌సింక్ చాలు. ఐ7 స్థాయి ప్రాసెసర్ మీద రోజంతా రెండర్, అంటే వీడియో తయారుచేసే పని, పెట్టేవాళ్లు హీట్‌సింక్ లేని బోర్డు జోలికి పోకండి. ఆఫీసు పనికి, టైపింగుకి, బిల్లింగుకి అయితే హెచ్610 నిక్షేపంలా సరిపోతుంది, అక్కడ ఎక్కువ పెట్టడమే దండగ.

వీడియో పని చేసేవాళ్లకి ఒక పక్క మాట. విడి గ్రాఫిక్స్ కార్డు కొనడం లేదనుకుంటే కొంత డబ్బు ఆదా అని ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ తీసుకోకండి. అందులో గ్రాఫిక్స్ ఉండదు, దాంతో పాటు వచ్చే, వీడియో పనిని వేగం చేసే క్విక్ సింక్ కూడా పోతుంది. స్క్రీన్ కూడా వెలగదు.

తాళం వేసిన ప్రాసెసర్ నుంచి కూడా న్యాయంగా రావాల్సిన స్పీడు చాలామంది వదులుకుంటున్నారు, అది నాకు బాధ. 3200 ర్యామ్ కొంటారు, బయోస్‌లో ఆ స్పీడుని అమలు చేసే ఎక్స్ఎంపీ ఆన్ చేయరు, అది 2133లోనో 2666లోనో ఏళ్ల తరబడి నడుస్తుంది. పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల నేను విప్పిన సిస్టముల్లో సగం ఇలాగే ఉన్నాయి. రెండు ర్యాములు పక్కపక్క స్లాట్లలో గుచ్చి, ఒక్క దారిలోనే డేటా నడిచే సింగిల్ చానెల్‌లో నడిపేవాళ్లూ ఉన్నారు, నాలుగు స్లాట్లుంటే సాకెట్ నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. హెచ్610 బోర్డులో ర్యామ్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు, బీ660, బీ760లో ఉంటుంది. ఇక వీఆర్ఎం గట్టిగా ఉన్న బోర్డు మీద 12400 లాంటి వాటికి 65 వాట్ల దీర్ఘకాలిక పరిమితిని 117 దాకా పెంచుకోవచ్చు, కె అక్షరం అక్కర్లేదు. అలా చేయకపోతే ఇంటెల్ లెక్క ప్రకారం టర్బో అరనిమిషం పాటు నడిచి తర్వాత 65కి దిగిపోతుంది, పెళ్లి వీడియో అరనిమిషంలో అవ్వదు కదా. బావగారికి తర్వాత పెద్ద హీట్‌సింకులున్న బీ660 బోర్డు మార్పించి 125 వాట్ల దగ్గర కట్టేశాం. అదే ప్రాసెసర్, అదే గది, మే నెల మధ్యాహ్నం 4.1 దగ్గర నిలబడుతోంది.

నిజానికి ఈ రోజుల్లో సరదా తీరేది వోల్టేజీ తగ్గించడంలో. ఏఎండీలో అయితే ఏ520, ఏ620 బోర్డుల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు, బీ550, బీ650లో ఉంటుంది, అందులో కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగుతో ఒక్కో కోరుకి వోల్టేజీ కాస్త కాస్త కోసి, స్పీడు పడకుండా వేడి తగ్గించొచ్చు. రైజెన్ 7600ఎక్స్‌ని ఎకో మోడ్‌లో పెడితే 142 వాట్ల పరిమితి 88కి దిగుతుంది, పనిలో తేడా చేతికి తెలియనంత తక్కువ, వేడిలో తేడా మాత్రం గదిలో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. కుర్రాళ్లకి ఓవర్‌క్లాకింగ్ నేర్చుకోవాలని ఉంటే ఇక్కడ మొదలుపెట్టమంటాను, గంటల తరబడి పరీక్షలు చేయడం, క్రాష్ అయితే ఒక మెట్టు వెనక్కి రావడం, అంతా అదే విద్య.

మన ప్రాంతానికి సంబంధించినవి రెండున్నాయి, ఇంగ్లీషు రివ్యూల్లో ఇవి దొరకవు. మొదటిది దుమ్ము. రైస్ మిల్లుల దగ్గరుండే ఇళ్లలో ఊక బూడిద వస్తుంది, మెత్తగా, నల్లగా, గాలికి తేలుతూ. అది వీఆర్ఎం హీట్‌సింక్ గాడుల్లో చేరి, ఉక్కకి తడిసి, ముద్దలా గట్టిపడుతుంది. ఒకసారి తణుకు దగ్గర ఒక ఊళ్లో విప్పిన సిస్టమ్‌లో హీట్‌సింక్ గాడులు అసలు కనిపించలేదు, ఒకే నల్లటి దిమ్మలా ఉంది. పెయింట్ బ్రష్షుతో గీకితే పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఆరు నెలలకోసారి బ్లోయర్ కొట్టించడం ఇక్కడ తప్పదు. అంతర్వేది, మొగల్తూరు వైపు సముద్రపు గాలి తగిలే చోట ర్యామ్ కాళ్లు నల్లబడతాయి, రబ్బరుతో తుడిస్తే సిస్టమ్ మళ్లీ లేస్తుంది.

రెండోది కరెంటు. గాలివాన మొదలైతే ఎన్నిసార్లు పోయి వస్తుందో చెప్పలేం. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ నిజంగా ఇచ్చేది సుమారు 360 వాట్లు. ప్రాసెసర్‌ని 250 వాట్లకి ఎగదోసి, గ్రాఫిక్స్ కార్డు ఇంకో 200 తీసుకుంటుంటే కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది, నాలుగు గంటల రెండర్ పోతుంది. ఎర్తింగ్ సరిగ్గా లేని పాత ఇళ్లలో కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది, అలాంటి చోట ఏ బోర్డు పెట్టినా ప్రమాదమే, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

ఈ మార్చిలో రాజోలు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు, కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "అన్నయ్యా, జెడ్790 బోర్డు, 14700కె తీసుకుందామనుకుంటున్నాను, డబ్బులు సరిపోతున్నాయి, యూపీఎస్ తర్వాత చూసుకుంటాను" అన్నాడు. "ఏం పని చేస్తావురా దాని మీద?" అన్నాను. కోడింగ్, బ్లెండర్‌లో కొంచెం త్రీడీ బొమ్మలు, ఎక్కువగా గేములు. "నీ గది ఎక్కడ?" "మేడ మీద, రేకుల గది." "ఏసీ ఉందా?" "లేదన్నయ్యా." ఇంకేం చెప్పాలి. గంటసేపు మాట్లాడుకున్నాం. వాడికి ఓవర్‌క్లాక్ చేయాలనే కోరిక బలంగా ఉంది, దాన్ని చంపడం నాకిష్టం లేదు, అందుకే తాళం లేని రైజెన్ 7600, రెండు పక్కలా హీట్‌సింకులున్న బీ650 బోర్డు చెప్పాను. మిగిలిన డబ్బుతో పెద్ద యూపీఎస్, కేబినెట్‌కి రెండు అదనపు ఫ్యాన్లు.

మేలో అటు పెళ్లికి వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. "చూద్దువుగాని రా అన్నయ్యా" అని మేడ మీదికి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం మూడున్నర, రేకుల కింద గోడకి తగిలించిన థర్మామీటర్ 39 చూపిస్తోంది. ప్రాసెసర్‌ని పూర్తిగా పరిగెత్తించే సినీబెంచ్ పరీక్షని అరగంట పాటు తిరిగేలా పెట్టాడు. పక్కన కొబ్బరి మట్టల చప్పుడు, కింద పిన్ని మజ్జిగ కలుపుతున్న చప్పుడు. స్పీడు 4.9 దగ్గర గీత గీసినట్టు ఉంది, వీఆర్ఎం 64 డిగ్రీలు. "కర్వ్ ఆప్టిమైజర్ మైనస్ 20 దగ్గర ఆగింది, మైనస్ 25 పెడితే రాత్రుళ్లు ఉండేది, మధ్యాహ్నం క్రాష్ అయ్యేది, అందుకని వెనక్కి వచ్చాను" అన్నాడు. మధ్యాహ్నం కూడా పరీక్ష చేయాలని నేను చెప్పలేదు, వాడికే తట్టింది. ఇరవై రెండో నిమిషంలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, స్క్రీన్ ఆగలేదు. మిగతా ఎనిమిది నిమిషాలూ యూపీఎస్ మీదే అయ్యాయి, ఇద్దరం చెమటలు తుడుచుకుంటూ పూర్తయ్యేదాకా నిలబడి చూశాం.